మొదటి పది కిలోమీటర్ల పరుగు: సెలెక్షన్ల కుర్రాళ్ళ వెనక పరుగెత్తకండి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. వయసు ముప్పై ఆరు, ఇద్దరు పిల్లలు, బడిలో టీచరు ఉద్యోగం, చదువుకునే రోజుల తర్వాత పరుగెత్తింది లేదు. స్టాఫ్ రూములో తోటి టీచర్లతో మాటామాటా పెరిగి, పందెం కట్టి, డిసెంబరులో విశాఖ బీచ్ రోడ్డులో జరిగే పది కిలోమీటర్ల పరుగుకు పేరు ఇచ్చేశారు. ఇంకా పదిహేను వారాలుంది. పది రోజులుగా తెల్లవారుజామున విజయనగరంలో గ్రౌండుకు వెళ్ళి, ఆర్మీ సెలెక్షన్లకు తయారవుతున్న కుర్రాళ్ళ వెనకే పరుగెత్తుతున్నారు. రెండో రౌండుకే ఊపిరి అందడం లేదు. మోకాలి కింద ఎముక వెంబడి నొప్పి మొదలైంది. నొప్పితోనే కొనసాగించాలా, ఏం తినాలి, అసలు ఈ వయసులో పది కిలోమీటర్లు నావల్ల అవుతాయా అని అడిగారు.

అవుతాయి. కానీ ఆ కుర్రాళ్ళ వెనక కాదు.

నాది శ్రీకాకుళం, ఇప్పుడు యాభై రెండేళ్ళు. ముప్పై తొమ్మిదో ఏట మొదలుపెట్టాను. అంతకుముందు పరుగుతో నాకున్న సంబంధమల్లా మా తమ్ముడి గడియారం చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడటమే. వాడు సెలెక్షన్లకు వెళ్ళేవాడు. మన రెండు జిల్లాల్లో ఏ ఊరి గ్రౌండుకు వెళ్ళినా ఇలాంటి పిల్లలు పదిమంది కనిపిస్తారు, మీకు చెప్పనక్కరలేదు. వాళ్ళ పరుగు 1600 మీటర్లు, అంటే నాలుగు రౌండ్లు. ఆర్మీ ర్యాలీలో పూర్తి మార్కులు రావాలంటే దాన్ని ఐదున్నర నిమిషాల లోపు ముగించాలి. లెక్క వేస్తే కిలోమీటరుకు సుమారు 3 నిమిషాల 26 సెకన్లు. మీరు పరుగెత్తబోయేది ఇరవై ఐదు రౌండ్లు. నాలుగు రౌండ్లలో ఒంట్లో ఉన్నదంతా పిండి ఇచ్చేసి గట్టు మీద కూలబడేవాళ్ళ పద్ధతి ఇరవై ఐదు రౌండ్లకు పనికిరాదు. మన వైపు పరుగు అంటే అందరికీ తెలిసింది అదొక్కటే కావడంతో, కొత్తగా గ్రౌండులో కాలు పెట్టిన ప్రతివాళ్ళూ ఆ వేగాన్నే పరుగు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మొదటి నెలలోనే కాలు పట్టేసి రెండు నెలలు మంచానికీ కుర్చీకీ మధ్య గడిపాను. ఇప్పుడు మీరు ఉన్నది సరిగ్గా ఆ దారిలోనే.

ముందు ఆ కాలి సంగతి చూద్దాం. కుర్చీలో కూర్చుని, మోకాలి కింద లోపలివైపు ఎముక అంచు వెంబడి బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రండి. జానెడు పొడవునా సలుపుతున్నట్టు ఉండి, పరుగు మొదట్లో ఎక్కువై ఒళ్ళు వేడెక్కాక తగ్గుతుంటే, అది ఒక్కసారిగా భారం పెంచడం వల్ల వచ్చే నొప్పి. రెండు వారాలు పరుగు మానేయండి, నడవడం మానక్కరలేదు. సాయంత్రం ఒక గుడ్డలో ఐసు చుట్టి పది నిమిషాలు పెట్టండి. అలా కాకుండా రూపాయి బిళ్ళంత చోట మాత్రమే నొక్కితే ప్రాణం పోయినట్టు ఉన్నా, ఒంటి కాలి మీద చిన్నగా గెంతితే అదే చోట పోటు వచ్చినా, రాత్రి పడుకున్నాక కూడా నొప్పి వదలకపోయినా, ఎముకలో సన్నని చీలిక పడుతుందేమోనని అనుమానించాలి. ఎముకల డాక్టరుకు చూపించండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనిపించకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని అన్నా నొప్పి అలాగే ఉంటే మళ్ళీ వెళ్ళండి. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మాత్ర నొప్పిని మూసిపెడుతుందే తప్ప ఎముకను అతకదు.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే మిగతా సలహాలన్నీ మీకే తోస్తాయి. పరుగు మొదలుపెట్టాక ముందుగా దారికి వచ్చేవి గుండె, ఊపిరితిత్తులు. రెండు మూడు వారాలకే ఆయాసం తగ్గినట్టు తెలుస్తుంది. కండరాలు ఇంకొంచెం సమయం తీసుకుంటాయి. ఎముకలు, వాటిని పట్టి ఉంచే నరాల్లాంటి గట్టి పట్టీలు మాత్రం బద్ధకస్తులు, వాటికి నెలలు పడుతుంది. అందుకని ప్రమాదమంతా నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం దాకా ఉంటుంది. ఊపిరి బాగా ఆడుతుంది, ఉత్సాహం పొంగుతుంది, ఇంకో రెండు కిలోమీటర్లు వెళదామని అనిపిస్తుంది, కాళ్ళు మాత్రం అందుకు ఇంకా ఒప్పుకోవు. ఆగమని ఊపిరి చెప్పనప్పుడు మనమే ఆగాలి. పరుగులో నాకు అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే, ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంటాను.

వేగం ఎంత ఉండాలో చెప్పడానికి గడియారాలు, గుండె కొట్టుకునే లెక్కలు ఏమీ అవసరం లేదు. మీరు టీచరు కదా, పరుగెత్తుతూ పైకి వినిపించేలా పన్నెండో ఎక్కం చెప్పండి. ఒక్కో వరుస మధ్యలో తెగకుండా చెప్పగలుగుతుంటే అది మీ వేగం. "పన్నెండు ఏళ్ళు..." దగ్గరే రొప్పు వస్తే తగ్గించండి. తగ్గించాక పరుగు నడకలా మారినా పరవాలేదు. చాలామందికి మొదట్లో ఇది అవమానంగా ఉంటుంది, పక్కన చేతులు ఊపుకుంటూ నడిచే పెద్దాయన మనల్ని దాటి వెళతాడు. వెళ్ళనివ్వండి.

ఇక నడక మధ్య మధ్య కలపడం గురించి. దీన్ని మోసం అనుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే, కొత్తవాళ్ళకు దశాబ్దాల పాటు నేర్పింది ఈ పద్ధతే: కొంచెం పరుగు, కొంచెం నడక, మళ్ళీ పరుగు. ఇందులో కిటుకు ఒక్కటే. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. మొదటి నిమిషం నుంచే లెక్క ప్రకారం నడిస్తే కాళ్ళ మీద పడే భారం విడతలుగా పడుతుంది, చివరి కిలోమీటర్లకు ఓపిక మిగులుతుంది.

మీ పదిహేను వారాలను నేనైతే ఇలా వాడతాను. మొదటి రెండు వారాలు పరుగు లేదు, వారానికి నాలుగు రోజులు ముప్పై, నలభై నిమిషాల చురుకైన నడక మాత్రమే. ఆ కాలు కుదుటపడాలి. మూడో వారం నుంచి మంగళవారం, గురువారం, ఆదివారం పరుగు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా పదిసార్లు. అంటే అరగంట, అందులో పరుగెత్తేది పది నిమిషాలే. మరీ తేలిక అనిపిస్తుంది, అనిపించాలి కూడా. ఆరో వారం నుంచి రెండు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక. ఆదివారం పూట దూరం కొంచెం పెంచుతూ ఐదు, ఆరు కిలోమీటర్లకు రండి. తొమ్మిదో వారం కావాలని తగ్గించండి, ఎంత బాగున్నా సరే. అప్పటి నుంచి నాలుగు నిమిషాల పరుగుకు ఒక నిమిషం నడక. ఆదివారాలు ఆరున్నర, ఏడున్నర, ఎనిమిది, పదమూడో వారంలో తొమ్మిది. పదీ పూర్తిగా ముందే పరుగెత్తి చూసుకోవాలని మనసు లాగుతుంది, అవసరం లేదు. తొమ్మిది వెళ్ళిన కాళ్ళు ఆ రోజు జనం మధ్య పదో కిలోమీటరు కూడా వెళతాయి. పద్నాలుగో వారం ఆదివారం ఆరు చాలు. ఆఖరి వారం రెండుసార్లు ఇరవై నిమిషాలు కాళ్ళు కదిలించి ఊరుకోవాలి. ఆ వారంలో ఎంత కష్టపడ్డా కొత్తగా వచ్చే బలం ఏమీ ఉండదు, మిగిలేది అలసటే.

పరుగు లేని రోజుల్లో రెండు రోజులు ఇంట్లో మెట్టు అంచు మీద ముందరి పాదాలతో నిలబడి, మడమలు నెమ్మదిగా ఎత్తి దించండి, పదిహేనుసార్ల చొప్పున రెండు విడతలు. మీరు పిల్లల చేత తీయించే గుంజిళ్ళు మీరు కూడా తీయండి. ఈ రెండూ చేస్తే పిక్కలు, తొడలు గట్టిపడి ఆ ముందరి ఎముక మీద భారం తగ్గుతుంది. జిమ్ముకు వెళ్ళాల్సిన పని లేదు.

ఒక వారం తుపానుకు వదులుకోవడానికి కూడా సిద్ధపడండి. మన తీరంలో అక్టోబరు సంగతి తెలిసిందే: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. మీ ఆరో వారం నుంచి తొమ్మిదో వారం దాకా ఆ రోజుల్లోనే పడుతుంది. వానకు నాలుగు రోజులు పోతే, పోయిన కిలోమీటర్లను తర్వాతి వారంలో కలిపి తీర్చకండి. అది అప్పు కాదు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే, కుదిరితే ఒక మెట్టు కిందనుంచే మొదలుపెట్టండి. తిత్లీ తర్వాత మా వైపు రోడ్ల మీద చెట్లు తొలగించేదాకా నేను డాబా మీదే నడిచాను, ఏమీ చెడిపోలేదు.

ఉక్కపోత గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది కాబట్టి సులువుగా పరుగెత్తగలమని అనుకుంటాం. ఎండ విషయంలో అది నిజమే, కానీ గాలిలో తేమ శాతం బాగా ఎక్కువగా ఉండేది కూడా ఆ సమయంలోనే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. తేమ గాలిలో చెమట ఆరదు, కారిపోతుందంతే. అప్పుడు ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం పంపాలి, కాళ్ళకు పంపాల్సింది తగ్గుతుంది. అందుకే సెప్టెంబరులో అదే దూరానికి, అదే వేగానికి ఎక్కువ ఆయాసం వస్తుంది. మీలో లోపం ఏమీ లేదు. ఒంటికి వేడి అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. డిసెంబరు గాలి తగిలేసరికి మీరు ఏమీ చేయకుండానే వేగం పెరిగినట్టు కనిపిస్తుంది. తల తిరిగినా, ఒళ్ళు వేడిగా ఉండి కూడా చలి వేసినట్టు, రోమాలు నిక్కబొడుచుకున్నట్టు అనిపించినా వెంటనే ఆగి నీడకు వెళ్ళి తల, మెడ తడుపుకోండి. ఛాతీలో బిగుతు, ఎడమ చేతిలోకి లాగడం, కళ్ళు చీకట్లు కమ్మడం లాంటివైతే అక్కడికక్కడే ఆపేసి వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. నిజానికి మొదలుపెట్టేముందే ఒకసారి రక్తపోటు, చక్కెర చూపించుకోవడం మంచిది.

దానితోపాటు హిమోగ్లోబిన్ కూడా. ఆడవాళ్ళకు ఇది నేను ప్రత్యేకంగా చెబుతాను. గర్భం లేని స్త్రీలలో 12 గ్రాముల కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. నాకు మొదటి ఏడాది ఎంత పరుగెత్తినా మెరుగు లేకపోతే బద్ధకమని నన్ను నేను తిట్టుకున్నాను. తీరా చూపిస్తే తొమ్మిదిన్నర ఉంది. డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నాక అదే దారి వేరే దారిలా అనిపించింది. పరీక్ష చేయించకుండా మాత్రలు కొనుక్కోకండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట, రెండు గంటలు దూరం జరపండి, తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. మన వైపు ఈ ఒక్క మాటకే నాతో పోట్లాడినవాళ్ళు ఉన్నారు.

తిండి గురించి మీరు ఆందోళన పడినంత విషయం లేదు. అరగంట, గంట పరుగుకు పొడులు, జెల్లులు అక్కరలేదు. ఉదయం ఒక అరటిపండు, సగం గ్లాసు నీళ్ళు చాలు. తిరిగి వచ్చాక చోడి (రాగి) అంబలిలో మజ్జిగ, ఉప్పు వేసుకుని తాగి, ఒక గుడ్డో, దోసెడు ఉడికించిన శనగలో తినండి. పరుగు మొదలుపెట్టాం కదా అని అన్నం మానేసేవాళ్ళను చూశాను, వాళ్ళు నెల తిరక్కుండా పరుగు కూడా మానేస్తారు. నీళ్ళు దాహం వేసినంత తాగండి, అంతే. భయంతో లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్ళు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అసలుకే ప్రమాదం. ఆదివారం గంట దాటే రోజుల్లో ఓఆర్‌ఎస్ కలుపుకోవచ్చు, కానీ పెద్ద పొట్లాన్ని పూర్తిగా లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసులో చిక్కగా కలుపుకుంటే కడుపు తిప్పుతుంది.

బూట్లకు రెండు మూడు వేలు పెడితే చాలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. బొటనవేలి ముందు వేలు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. బడిలో పిల్లలు వేసుకునే తెల్ల కాన్వాస్ బూట్లతో పరుగెత్తుతున్నానని రాశారు, మీ కాలి నొప్పిలో వాటి వాటా కూడా ఉండవచ్చు. బూట్ల కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది, మగవాళ్ళు ఇచ్చే సలహాల్లో అది ఉండదు: బిగుతుగా పట్టి ఉంచే స్పోర్ట్స్ బ్రా. అది లేకపోతే భుజాలు ముందుకు వంగిపోతాయి, పరుగే చెడుతుంది. నెలసరి రోజుల్లో పరుగెత్తవచ్చు. ఓపిక లేని రోజు మానేయవచ్చు. రెండూ తప్పు కావు.

చూపుల గురించి ఏం చెప్పను? చుడీదారు మీద బూట్లు వేసుకుని ఏడు రోడ్ల కూడలి దాటుతుంటే, టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు నన్ను ఆపి "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మా, ఎక్కడికి పరుగు?" అని అడిగారు. నా మొదటి ఆదివారాలు అరసవల్లి గుడి దాకా వెళ్ళి రావడమే. మూడో నెలకు ఆ కొట్టువాళ్ళే, రెండు రోజులు కనబడకపోతే ఏమైందని అడగడం మొదలుపెట్టారు. మీకు విజయనగరంలో కోట చుట్టుపక్కలా, పెద్ద చెరువు వైపూ నడిచేవాళ్ళు పొద్దున్నే చాలామంది ఉంటారు, ఆ గుంపుల సమయంలోనే వెళ్ళండి. ఒంటరిగా చీకట్లో వద్దు. రోడ్డు మీద అయితే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడివైపు అంచున పరుగెత్తండి, హైవే జోలికి పోకండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి, దానికి వీపు చూపకుండా నెమ్మదిగా నడవండి. పన్ను దిగితే వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. పసుపో, సున్నమో రాసి ఊరుకోవద్దు.

పరుగు రోజు సంగతి కొంచెమే. విజయనగరం నుంచి తెల్లవారుజామున బయలుదేరి అందుకోవడం నరకం, ముందు రోజే వెళ్ళి నంబరు కాగితం తీసుకుని విశాఖలో చుట్టాల ఇంట్లో పడుకోండి. ఆ రాత్రి నిద్ర పట్టదు, ఎవరికీ పట్టదు. అంతకు ముందు రాత్రి బాగా పడుకుని ఉంటే చాలు. రెండు ఇడ్లీలు పరుగుకు రెండు గంటల ముందు. చుట్టాల ఇంట్లో రొయ్యల వేపుడు పెడతారు, పరుగు అయ్యాక తింటానని చెప్పండి. కొత్త బూట్లు, కొత్త బట్టలు ఆ రోజు వద్దు. నిర్వాహకులు ఇచ్చే దారి పటం ముందే చూసుకోండి. బీచ్ రోడ్డు అంతా చదునుగా ఉండదు, తెన్నేటి పార్కు వైపు తిప్పితే ఎత్తు తగులుతుంది. అందుకే పదో వారం నుంచి ఒక్కోసారి మీ ఊళ్ళో రైల్వే పై వంతెన ఎక్కి దిగి చూసుకోమంటాను, పరుగుతో కాదు, నడకతో అయినా సరే.

మొదలయ్యే గీత దగ్గర వెనకవైపు నిలబడండి. సంగీతం, కేకలు, పక్కన రెండు వందల మంది దూసుకుపోతుంటారు. మొదటి రెండు కిలోమీటర్లలో మీరు కూడా దూసుకుపోతే ఏడో కిలోమీటరు దగ్గర డొక్కలో పోటు పట్టుకుని గోడ మీద కూర్చుంటారు. అక్కడా అదే పన్నెండో ఎక్కం. నాలుగు నిమిషాలకు ఒక నిమిషం నడక, మొదటి నుంచే, ఎవరు చూసినా సరే. కిలోమీటరుకు ఎనిమిది నిమిషాల చొప్పున వెళితే గంటా ఇరవై నిమిషాలకు చేరతారు. తొమ్మిది చొప్పున అయినా గంటన్నరే. చేరగానే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి.

మీ తోటి ఉపాధ్యాయులు కూడా ఇదే తప్పు చేస్తున్నారేమో అడిగి చూడండి, పందెం కాసేపు పక్కన పెట్టి. కాలు నొక్కి చూసి నొప్పి జానెడు ఉందో, బిళ్ళంత ఉందో ఇక్కడే రాయండి. పరుగు మళ్ళీ మొదలుపెట్టిన మొదటి ఆదివారం ఎంతసేపు బయట ఉన్నారో, మధ్యలో ఎన్నిసార్లు నడిచారో కూడా. వేగం ఎంతో రాయనక్కరలేదు.